ఉమ్మడి పనికి మాటనేర్పు: రైతు జట్లకు ఏడు అభ్యాసములు

"ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినది" అను సామెతను మన పల్లెలలో ఎరుగనివారు లేరు. నలుగురి సొత్తయిన గొడ్డునకు గడ్డి వేయువాడు లేడు. నీరు పెట్టువాడు లేడు. ప్రతివాడును రెండవవాడు చూచుకొనునని తలచెను. సహకారమునకు విరోధముగా మాటాడువారు ఈ సామెతను తరచుగా చెప్పుచుందురు. కాని శ్రద్ధగా ఆలోచించినచో దోషము ఉమ్మడితనమునందు లేదు. ఆ నలుగురును ఒక్కనాడైనను కూర్చుండి "నేడు గడ్డి వేయువారెవరు?" అని అడుగుకొనకపోవుటయందే దోషము కలదు.

దున్నుట, విత్తుట, గుంటక తోలుట మనము చిన్ననాటినుండి చేసి చేసి నేర్చుకొంటిమి. ఎదుటివాని మాట వినుట, కోపము లేక అభ్యంతరము చెప్పుట, వంతు ఒప్పుకొనుట, ఒప్పుకొన్నది నెరవేర్చుట మాత్రము పుట్టుకతో రావలసిన గుణములని తలచుచున్నాము. అది సరికాదు. ఇవియు పనులే. మేడి పట్టుట వలెనే ఇవియు అభ్యాసముచే అలవడును. అందుకు తగిన ఏడు అభ్యాసములను ఈ పాఠమున వివరించెదము. వీనికి ఖర్చు లేదు. కావలసినవి ఒక పగ్గము, కొన్ని చింతగింజలు, ఒక సుద్దముక్క మాత్రమే.

మెట్టనేలలో దీని యవసరము

అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొంచెమును సకాలమున కురియదు. విడపనకల్లు ప్రాంతమున నల్లరేగడి చేలలో హింగారు పదునుపై శనగయు, ఎఱ్ఱనేలలలో ముంగారునకు వేరుశనగయు విత్తుదురు. వేరుశనగ ఊడలు దిగు దశయందును, కాయ ఊరు దశయందును ఇరువది దినములు వాన మొగము చాటుచేసినచో చేను పచ్చగా కనబడుచున్నను చెట్టు పెరికిన కాయ యుండదు. అట్టి సమయమున ఒకటి రెండు తడులు పెట్టగలిగినవానికి పెట్టుబడి దక్కును. తక్కినవానికి అప్పు మిగులును.

కావున ప్రతి రైతును తనకొక బోరు కావలెనని కోరును. ఒకడు వందలాది అడుగులు దింపగా ప్రక్కవాని బోరు ఎండును. అతడు మరియొక వంద అడుగులు దింపును. భూగర్భమందలి నీరు పెరుగలేదు. బోర్లు పెరిగినవి, అప్పులు పెరిగినవి. ఈ పోటీని అదుపుచేయుటకు 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) వచ్చినది. చట్టము మంచిదే. కాని ప్రతి ఉదయమును వచ్చి వాల్వు త్రిప్పుట చట్టమువలన కాదు. అది చేని గట్టుమీది మనుష్యులు తమలో తాము తీర్చుకొనవలసిన పని.

అట్లు తీర్చుకొన్నవారు లేకపోలేదు. 2003 మొదలు కొన్ని సంవత్సరములు నాటి ఆంధ్రప్రదేశములోని ఏడు కరవు జిల్లాలలో, అనంతపురము అందొకటి, రైతులే భూగర్భజలమును లెక్కించు కార్యక్రమము నడచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడెను. రైతులే వానను కొలిచిరి. బోర్లలోని నీటిమట్టమును కొలిచిరి. ఊరిలో ఎంత నీరున్నది, ఏ పైరు వేసిన ఎంత పట్టునని అందరి యెదుట లెక్కకట్టిరి. పిదప వాసన్ మొదలగు సంస్థల తోడ్పాటుతో మన జిల్లాలో బోరున్నవారును లేనివారును కలిసి జట్లు కట్టిరి. కొత్త బోరు వేయరాదని ఒప్పుకొని, గొట్టములు కలిపి, వర్షాధారపు చేలకు రక్షక తడులు ఇచ్చుకొనిరి.

ఇట్టి జట్టునకు గొట్టములు కొనుట సులభము. తన బోరు నీటిని పొరుగువాని చేనికి పోనిచ్చుటకు మనస్సు సమాధానపడుట కష్టము. వానలు కురిసిన ఏట జట్టు నవ్వుచు నడచును. ఆగస్టు ఎండలో నీరు సన్నగిల్లిననాడే దాని బలము తెలియును. ఆ దినమునకు వలసిన మాటనేర్పును ఆ దినముననే నేర్వలేము. వానకు ముందే చేను దున్నియుంచుకొనునట్లు దీనిని గూడ ముందుగనే నేర్వవలెను.

ఈ విద్య పుట్టుక

1989లో ఇండోనేషియా దేశమున వరి రైతులకొరకు పొలంబడులు ప్రారంభమైనవి. ఇరువదియైదు ముప్పదిమంది రైతులు పంటకాలమంతయు వారమునకొక దినము కలిసికొందురు. చేనిలోనికి దిగి చూచినది బొమ్మ గీసి, చర్చించి, ఆ వారమునకు చేయవలసినది తామే నిర్ణయింతురు. కూడిన దినమున ఒక ఆటయో, అభ్యాసమో జరుపుదురు. అది కాలక్షేపమునకు గాదు; జట్టు కట్టుపడుటకు. నడుపువాడు పాఠము చెప్పడు. "ఇది ఏ పురుగు?" అని అడిగినచో "దానిని ఎచ్చట చూచితివి? ఏమి తినుచుండెను?" అని తిరిగి అడుగును.

పట్టణములలోని కంప్యూటరు పనివారును ఈ దారికే వచ్చిరి. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది ఆ వృత్తివారు కూడి, పనిముట్లకంటెను పద్ధతులకంటెను మనుష్యులును, వారి పరస్పర సంభాషణయు ముఖ్యమని ఒక ప్రకటన చేసిరి. ఆ తీరునకు ఎజైల్ అని పేరు. హైదరాబాదు, బెంగుళూరులలో ఆ కొలువులు చేయు మన పిల్లలను అడిగినచో చెప్పుదురు: చిన్న జట్టు, ప్రతిదినము పదునైదు నిమిషములకు మించని సభ, కొలది వారములకొకసారి, జరిగిన పనిని వెనుదిరిగి చూచుట. ఇక మన యిండ్లలోని స్త్రీలు పొదుపు సంఘములలో గుండ్రముగా కూర్చుండి, అందరి యెదుట లెక్క చెప్పి, వంతులు తీర్చుకొనుచునే యున్నారు. పురుషులు వారి కడనే నేర్వవలసినది చాల కలదు.

నడుపు విధానము

ఎనిమిది మొదలు పండ్రెండుమంది వరకు ఒక జట్టుగా నుండవలెను. వారమునకొక సాయంకాలము అరగంట చాలును. ఒకరు నడుపవలెను. సంఘాధ్యక్షుడుగాని, బోరు యజమానిగాని నడుపకుండుట మేలు. వారి యెదుట తక్కినవారు నోరు విప్పరు. నడుపువారు తీర్పు చెప్పరాదు. ప్రశ్నలు మాత్రమే అడుగవలెను. ప్రతి అభ్యాసము ముగియగనే మూడు ప్రశ్నలు వేయవలెను: ఏమి జరిగినది? ఎందుకట్లు జరిగినది? మన బోరు కడ, మన సంఘమున ఇట్లే జరుగుచున్నదా? ఆట విత్తనమైనచో ఈ ప్రశ్నలే పదును. పదును లేని విత్తనము మొలవదు.

మొదటి అభ్యాసము: విని తిరిగి చెప్పుట

ఇద్దరిద్దరుగా కూర్చుండుడు. ఒకరు రెండు నిమిషములు తన చేని కష్టమొకటి చెప్పవలెను. రెండవవారు నడుమ మాటాడరాదు. ముగిసిన పిమ్మట విన్నదానిని తన మాటలతో తిరిగి చెప్పవలెను. మొదటివారు "అంతే" అనువరకు తన జవాబు చెప్పరాదు.

ఒకరు ఇట్లనిరనుకొందము: "మూడు తడవలు నాకు రాత్రి వంతే పడినది. చీకటిలో గొట్టములు మార్చుటకు పాముల భయము. ఇంటిలో మగపిల్లలు లేరు." వినినవారు ఇట్లు చెప్పవలెను: "అక్కా, నీకు మూడు తడవలును రాత్రి వంతే వచ్చినది. తోడు లేనందున గొట్టములు మార్చుట భయముగా నున్నది. ఈ తడవ పగటి వంతు కావలెనని నీ కోరిక. అంతేనా?"

ఇది సులభమని తోచును గాని చేసి చూచినచో కష్టము తెలియును. పదిమందిలో ఆరుగురు "నాకును రాత్రియే పడినది" అని తమ కథ మొదలుపెట్టుదురు. ఇద్దరు ఉపాయము చెప్పుదురు. విన్నదానిని విన్నట్లు చెప్పువారు ఇద్దరే మిగులుదురు. తన మాట ఎదుటివానికి చేరినదని తెలిసిన మనిషి గొంతు దానంతటదియే తగ్గును.

రెండవ అభ్యాసము: చూచినది, ఊహించినది

నేలమీద సుద్దతో గీత గీసి రెండు భాగములు చేయుడు. ఒక ప్రక్క "చూచినది", రెండవ ప్రక్క "ఊహించినది" అని వ్రాయుడు. నడుపువారు ఒక్కొక్క మాట చదువగా సభ్యులు ఏ ప్రక్కకు చెందునో ఆ ప్రక్కన నిలువవలెను. "మంగళవారము ఉదయము ఆరు గంటలకు తూర్పు వాల్వు తెరచియుండెను" అనునది చూచినది. "తూర్పు చేనివాడు నీరు దొంగిలించినాడు" అనునది ఊహించినది. వాల్వు రబ్బరు పాడైయుండవచ్చును, పిల్లలు త్రిప్పియుండవచ్చును, నిజముగా దొంగతనమే కావచ్చును. విచారింపక తెలియదు.

పిదప ప్రతివారును తమ ఫిర్యాదు నొకదానిని నాలుగు ముక్కలలో చెప్పుట అభ్యసింపవలెను: చూచినదేమి, ఎప్పుడు, దానివలన తనకు కలిగినదేమి, తాను కోరునదేమి. "మంగళవారము వాల్వు తెరచియుండెను. నా వంతులో రెండు గంటల నీరు తక్కువైనది. ఇకమీదట వంతు మారునపుడు ఇద్దరమును కలిసి వాల్వు చూడవలెనని కోరుచున్నాను." ఇట్టి మాటకు జవాబు చెప్పవచ్చును. "నీవు దొంగవు" అను మాటకు జవాబు లేదు, జగడమే కలదు.

మూడవ అభ్యాసము: చింతగింజల వంతు

ప్రతి సభ్యునికి మూడు చింతగింజలు పంచుడు. ఒక విషయము చర్చకు పెట్టుడు. ఉదాహరణమునకు, మోటారు కాలినచో మరమ్మతు ఖర్చు ఎట్లు పంచుకొనవలెను? మాటాడిన ప్రతి తడవయు ఒక గింజను నడుమ పెట్టవలెను. గింజలు అయినవారు వినవలెనే గాని మాటాడరాదు. అందరి గింజలును నడుమకు చేరువరకు సభ ముగియదు.

నోటిగలవారి గింజలు అయిదు నిమిషములలో అయిపోవును. అప్పుడు స్త్రీలు, చిన్న కమతములవారు, దళిత సభ్యులు, ఎప్పుడును వెనుక నిలుచువారు మాటాడక తప్పదు. బోరునకు దూరమైన చేనివారికే నీటి కష్టము ముందు తెలియును. వారి మాట వినని జట్టు కష్టమును ఆలస్యముగా తెలిసికొనును.

నాలుగవ అభ్యాసము: పగ్గముతో చతురము

ముప్పది అడుగుల పగ్గము కొనలు కలిపి ముడివేయుడు. ఎనిమిదిమంది కండ్లకు గంతలు కట్టుకొని పగ్గమును పట్టుకొని, దానిని నాలుగు సమానమైన ప్రక్కలు గల చతురముగా నిలుపవలెను. పది నిమిషముల గడువు. ఇద్దరు బయట నిలిచి, ఎవరు ఏమనిరో గమనింపవలెను గాని పలుకరాదు.

మొదట అందరును ఒక్కసారి అరచుదురు. కొంతసేపటికి ఒకరు "మూలలయందు నలుగురు నిలువుడు, తక్కినవారు ఊరకుండుడు" అందురు. గంతలు విప్పిన పిమ్మట గమనించినవారిని అడుగుడు: మంచి ఉపాయము మొదట ఎవరు చెప్పిరి? అది ఎందరికి వినబడినది? వినబడకున్నచో ఎందువలన? ఉపాయము తొలుతనే ఎవరో మెల్లగా చెప్పియుండుటయు, అరపులలో అది మునిగిపోవుటయు తరచుగా బయటపడును. సంఘ సర్వసభ్య సమావేశములను గూర్చి అడుగవలసిన ప్రశ్నయు అదియే.

ఐదవ అభ్యాసము: నీటిగింజలు, తారుమారు పాత్రలు

ఇది లెక్కతో కూడిన అభ్యాసము. ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచినచో అది సుమారు 4,000 లీటర్లు. ఒక చింతగింజను ఎకరమునకు 100 మిల్లీమీటర్ల నీరుగా, అనగా 4 లక్షల లీటర్లుగా భావింపుడు. గంటకు 10,000 లీటర్లిచ్చు బోరు ఒక గింజ నీరిచ్చుటకు 40 గంటలు నడువవలెను. దినమునకు 8 గంటల చొప్పున 100 దినములు నడచినచో 800 గంటలు, అనగా 20 గింజలు. ఆ బోరు ఆ పంటకాలమున ఇచ్చునది అంతే.

ఇరువది గింజలను నడుమ పోసి, ఆరుగురు రైతులు పైరులను ఎంచుకొనవలెను. వానను లెక్కింపకయున్నచో వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, అనగా ఎకరమునకు 12 గింజలు. వేరుశనగకు సుమారు 500, అనగా 5 గింజలు. వర్షాధారపు వేరుశనగకు బెట్టలో పెట్టు ఒక రక్షక తడి 50 మిల్లీమీటర్లు, అనగా అరగింజ. ఒకరు ఒక ఎకరము వరి వేసినచో 12 గింజలు పోయినవి. ఆ 12 గింజలతో పండ్రెండెకరముల వేరుశనగకు రెండేసి తడులు పెట్టవచ్చును. గొట్టములలోను కాలువలలోను పోవు నష్టమును తీసివేసినను భేదము చాల పెద్దదే.

ఆటలో పాత్రలు తారుమారు కావలెను. నిజముగా బోరుగలవారు బోరులేని రైతు పాత్రను, లేనివారు యజమాని పాత్రను వహింపవలెను. యజమాని పాత్రధారికి మోటారు అప్పు, బోరు ఎండునను భయము అర్థమగును. బోరులేని పాత్రధారికి ఎండుచున్న చేనిని చూచుచు అడుగుటకు నోరురాని కష్టము అర్థమగును. ఇరువురి కష్టమును నిజమే. వీరికి నీటి ధర్మమును గూర్చి గంటసేపు ఉపన్యసించుటకంటె పది నిమిషములు పాత్రలు మార్పించుట మేలు.

ఆరవ అభ్యాసము: నిలువు సభ

పంటకాలమున వారమునకు రెండు దినములు ఉదయమున బోరు కడ కూడి, కూర్చుండక నిలబడియే పది నిమిషములు సభ జరుపుడు. కూర్చుండిన సభ సాగును. నిలబడిన సభ ముగియును. ఒక్కొక్కరు మూడు మాటలే చెప్పవలెను: గడచిన వంతున నేను చేసినది, రాబోవు వంతున చేయునది, నాకు అడ్డము వచ్చుచున్నది. అడ్డమును గూర్చిన చర్చ అప్పుడే పెట్టరాదు. సంబంధించిన ఇద్దరు ముగ్గురు సభ ముగిసిన పిదప నిలిచి తీర్చుకొందురు. తక్కినవారు పనికి పోవుదురు. వంతుల పట్టికను మోటారు పెట్టెమీద అందరికి కనబడునట్లు వ్రాయవలెను. అక్షరములు రానివారికొరకు చేనికొక గుర్తు వేయవలెను.

ఏడవ అభ్యాసము: వెనుదిరిగి చూచుట

పక్షమునకొకసారి అరగంట కూర్చుండి మూడు ప్రశ్నలకు జవాబు వెదకుడు. మనము చేయుచున్నవానిలో నిలుపుకొనవలసినదేమి? మానవలసినదేమి? క్రొత్తగా మొదలిడవలసినదేమి? నియమము ఒక్కటే: పద్ధతిని విమర్శింపవలెను, మనిషిని గాదు. "ఫలానివాడు ఆలస్యముగా వచ్చును" అనరాదు. "వంతు మారు వేళ అందరికి తెలియుట లేదు" అనవలెను. మూడు ప్రశ్నలకు ఎన్ని జవాబులు వచ్చినను రాబోవు పక్షమునకు ఒక్క మార్పునే ఎంచుకొనుడు. అది ఎవరు చేయుదురో, ఏనాటికి చేయుదురో పుస్తకమున వ్రాయుడు. మరుసటి పక్షమున మొదటి ప్రశ్న "అది జరిగినదా?" అనునదే.

కొన్ని జాగ్రత్తలు

ఈ అభ్యాసములు లెక్కల పుస్తకమునకు బదులు కావు. వంతులు, వసూళ్లు, మరమ్మతుల ఖర్చు వ్రాతయందుండవలెను. లెక్కలో మోసమున్న చోట ఎన్ని ఆటలాడినను నమ్మకము కలుగదు. రెండవది, పొరబాటు చేసినవానిని చూచి నవ్వరాదు. ఒక్కసారి నవ్వులపాలైనవాడు మరల నోరు తెరువడు. మూడవది, పెద్దలయెడ మర్యాద యుండవలెను గాని మర్యాదపేర తక్కినవారి నోరు కట్టరాదు. నాలుగవది, ఒక దినము చేసి విడిచిన ప్రయోజనము లేదు. ఒక్క సాలు దున్ని చేను దున్నితిమనువాడు లేడు గదా.

మే నెలలో మొదలిడి వారమునకొక అభ్యాసము చొప్పున చేసినచో మొదటి ఐదును ముంగారు విత్తనమునకు ముందే పూర్తియగును. ఆరవదియు ఏడవదియు పంటకాలమంతయు నడువవలసినవి. ఫలము కలిగినదో లేదో కనుగొనుటకు ఆగస్టు బెట్టలో మూడు సంగతులు చూడుడు: వంతు తప్పిన తడవలెన్ని? ఫిర్యాదులలో జట్టు లోపలనే తీరినవెన్ని, ఊరి పంచాయతీకెక్కినవెన్ని? ఆ ఏట జట్టులో కొత్త బోరు వేయించినవారెందరు? ఈ మూడును తగ్గుచున్నచో విద్య పట్టుబడినట్లే.

సభ్యులందరు ఒక్కసారి చేరవలెనని కాచుకొని యుండనక్కరలేదు. చేలు ఆనుకొని యున్న ఎనిమిదిమంది చాలును. రాబోవు వారమున ఒక సాయంకాలము సంఘపు అరుగుమీద కూడుడు. బోరున్నవారు బోరులేని పొరుగువారిని వెంటబెట్టుకొని రండు. మొదటి అభ్యాసము మాత్రము చేయుడు: ఒకరు చెప్పవలెను, ఒకరు వినవలెను. తక్కిన ఆరింటికిని అదియే తొలి సాలు.